కప్పు కొరికే మనిషి

ఆ ఇంట్లో పని లేకుండా ఎంతసేపైనా కూర్చోవచ్చు, మాట లేకుండా మాత్రం కూర్చోకూడదు. టీ కప్పు చేత్తో పట్టుకుని గోడవైపు చూస్తూ ఎవరైనా కాస్త ఎక్కువసేపు ఉండిపోతే చాలు, అత్తగారు ఏ మూలనున్నా వచ్చి వాలిపోయేది. ఏంటలా ఉన్నావ్, ఏం ఆలోచిస్తున్నావ్ అని నిలదీసేది. ఏమీ లేదంటే నమ్మేది కాదు. పాలు విరిగాయనో, మోకాలు పీకుతోందనో ఏదో ఒకటి చెబితే అప్పుడు ఆవిడ మనసు కుదుటపడేది. మనుషులు లేని గదిలో కూడా టీవీ మోగుతూ ఉండాల్సిందే. స్నానాల గదిలో ఎవరికైనా ఆలస్యమైతే తలుపు మీద దరువు మొదలయ్యేది.

కోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇదంతా చూసి కడుపుబ్బ నవ్వుకుంది. ఆమె పుట్టింట్లో అందరూ పుస్తకాల పురుగులు, అన్నం తింటూ కూడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు కాదు. ఇక్కడేమో పగటి కలలకి కూడా కాపలా. తర్వాత కారణం తెలిసి నవ్వడం మానేసింది. మావగారు ఆలోచించి ఆలోచించి పిచ్చివాడైపోయాడట. బంగారంలాంటి మనిషి ఉన్నట్టుండి తనలో తాను మునిగిపోయాడట, పిలిస్తే పలకడం మానేశాడట. ఊరి బయట ఎత్తు గోడల ఆసుపత్రిలో చేర్చారు. అక్కణ్ణుంచి ఆయన తిరిగి రాలేదు.

అప్పటికి కొడుకు బడికెళ్ళే వయసువాడు. వాణ్ణయినా దక్కించుకోవాలని అత్తగారు కంకణం కట్టుకుంది. లెక్కల్లో వీడికి భలే బుర్ర ఉందని పంతులు మెచ్చుకుంటే హడలిపోయి ఆ బడే మాన్పించేసింది. ఎవరో చదరంగం బల్ల కానుకగా ఇస్తే పొయ్యిలో పెట్టింది. అలా ఆలోచన సోకకుండా పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక తండ్రి చేసిన ఉద్యోగంలోనే చేరాడు.

అది పింగాణీ సామాన్లు చేసే కర్మాగారం. బట్టీలోంచి దిగిన కప్పులూ గిన్నెలూ ఆరాక ఒక పొడుగాటి బల్ల మీదికి వస్తాయి. బల్ల దగ్గర కూర్చున్నవాడు ఒక్కొక్కదాన్ని ఎత్తి, సన్నని చెక్కపుల్లతో అంచు మీద తట్టి, చెవి పెట్టి వినాలి. టింగుమని మోగితే మంచిది. బొంగురుగా పలికితే లోపలెక్కడో కంటికి ఆనని పగులుందన్నమాట, అది పక్క బుట్టలోకి పోతుంది. అక్కడ అతన్ని అందరూ చెవిమేస్త్రి అంటారు. ఒకప్పుడు వాళ్ళ నాన్ననీ అలాగే అనేవారు. ఈ పని గురించి అత్తగారికి ఏ బెంగా లేదు. చేతికీ చెవికీ తప్ప బుర్రకి పని లేదు కదా అని నిశ్చింతగా ఉండేది.

కోడలు డ్రైక్లీనింగ్ దుకాణంలో కౌంటర్ చూస్తుంది. బట్టలు ఉతుకుడికి పంపేముందు జేబులు వెతకడం ఆమె పని. సినిమా టికెట్లు, పెళ్ళాలకి తెలియని తాళంచెవులు, ఒకసారైతే పెట్టుడు పళ్ళ సెట్టు, అన్నీ ఆమె చేతికి దొరికాయి. మనుషులు నోటితో చెప్పేది వేరు, జేబులో ఉండేది వేరని ఆమెకి గట్టి నమ్మకం. అందుకే భర్త వరస మారినప్పుడు ఆమె ముందుగా అతని జేబులే వెతికింది.

మారడం అంటే ఒక్కసారిగా మారలేదు. ముందు గొంతు తగ్గింది. పక్కనున్న మనిషికి కూడా అందనంత మెల్లగా, తనకి తాను చెప్పుకుంటున్నట్టు మాట్లాడేవాడు. తర్వాత పలకడం తగ్గింది. వంటింట్లోంచి పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే ఇప్పుడే నిద్ర లేచినవాడిలా చూసి నవ్వుతాడు. పక్కింటాయన వాళ్ళ అన్న పోయిన సంగతి చెబుతుంటే కూడా అలాగే నవ్వి తలూపాడు. పక్కింటాయన ఆ రోజు నుంచి వీళ్ళ గుమ్మం తొక్కలేదు.

చెవుడేమో అన్న ఊహ కోడలికి రాకపోలేదు. బస్సు ఆ ఊహని కొట్టిపారేసింది. ఒకరోజు ఇద్దరూ కలిసి డొక్కు బస్సెక్కారు. ఇంజను రొదకి పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకి వినబడటం లేదు. ఆమె గొంతు చించుకుని మాట్లాడాల్సొచ్చింది. అతను మాత్రం కులాసాగా కండక్టరుతో కబుర్లేశాడు, ముందు సీటు ముసలాయన వేసిన జోకుకి సరైన చోట నవ్వాడు. ఇల్లు చేరి తలుపు వేశారో లేదో మళ్ళీ రాయిలా అయిపోయాడు. బస్సులో వినిపించినవాడికి ఇంట్లో వినిపించకపోవడం ఏమిటి? ఇది కావాలని చేస్తున్నాడు, ఇంట్లో మనుషులంటే మొహం మొత్తింది అనుకుని ఆమె ఆ రాత్రి అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాతి వారం అతని సంచీలో జేబురుమాలులో చుట్టిన తెల్ల కప్పు దొరికింది. వాళ్ళ ఇంటి కప్పు కాదు. అంచు మీద పెదాల మరకలున్నాయి. కోడలు దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఎవరితో కూర్చుని టీ తాగుతున్నాడు, తాగినవాడు కప్పు దాచుకోవడం ఎందుకు, అంత అపురూపమైన మనిషి ఎవత్తె? దుకాణంలో ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడి రోజంతా అదే లెక్క వేసింది. సాయంత్రానికి ఆ స్త్రీకి ఒక రూపం, ఒక నవ్వు, వంకీల జుట్టు కూడా తయారయ్యాయి.

ఇంతలో కర్మాగారం సూపర్వైజర్ కోటు ఉతుకుడికి ఇచ్చే నెపంతో దుకాణానికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, మీ ఆయన ఈమధ్య బల్లని గోడవైపు తిప్పించుకుని కూర్చుంటున్నాడమ్మా, ఎవరూ దగ్గరికి రాకూడదంటున్నాడు, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు. పనిలో తప్పులేమైనా దొర్లుతున్నాయా అని ఆమె అడిగింది. మొదట్లో దొర్లాయి, ఇప్పుడు లేవు, అందుకే ఏమీ అనలేకపోతున్నాం అన్నాడు. ఆ జవాబు ఆమెని ఇంకా భయపెట్టింది.

అసలు విషయం ఆమె కళ్ళారా చూసింది ఒక సెలవు రోజు మధ్యాహ్నం. అత్తగారు కునుకు తీస్తోంది, టీవీ దాని పాటికి అది మోగుతోంది. వంటింట్లో ఏదో చిన్న చప్పుడు. తలుపు సందులోంచి తొంగి చూస్తే భర్త గట్టు ముందు నిలబడి ఉన్నాడు. కప్పు అంచుని ముందు పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చెంచాతో దాన్ని తట్టాడు. ఆగాడు. మళ్ళీ తట్టాడు. ఇంకో కప్పు తీసుకుని కొరికాడు, తట్టాడు. అతని మొహంలో ఆ సుఖం చూసి ఆమె తలుపు దగ్గరనుంచి వెనక్కి జరిగింది. వంకీల జుట్టు స్త్రీ అయినా బాగుండును అనిపించింది.

అత్తగారికి చెప్పకూడదనే అనుకుంది. చెప్పలేదు కూడా. ఊరికే తెలుసుకుందామని, బెండకాయలు తరుగుతూ, మావగారికి మొదట్లో ఎలా ఉండేదని మాటల్లో పెట్టి అడిగింది. అత్తగారు ఆ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ గొంతు తగ్గిస్తుంది, గోడలకి కూడా వినబడకూడదన్నట్టు. బజారులో నలుగురిలో ఉంటే బాగానే ఉండేవాడట, ఇంటికొస్తే మూగనోము. మాటేమో గుసగుసలోకి దిగిపోయిందట. ఏడ్చే చోట నవ్వేవాడట.

"అవన్నీ సరిపెట్టుకున్నానమ్మా," అంది అత్తగారు. "చివర్లో కప్పులు కొరకడం మొదలెట్టాడు. గాజు, పింగాణీ, ఏది దొరికితే అది. అది చూశాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

కోడలి చేతిలో కత్తి ఆగిపోయింది. అత్తగారు ఆమె మొహం చూసింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు మొహాలు చదవడమే పనిగా బతికిన మనిషి ఆవిడ. లేచి వెళ్ళి, అలమరలో ఉన్న కప్పులన్నీ తీసి, తన మంచం కింద పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ సాయంత్రం అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ వచ్చింది. కొడుకు గ్లాసు వంక చూశాడు, తల్లి వంక చూశాడు, తాగాడు.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో ఒకరి వెనక ఒకరు నడవడమే సరిపోయింది. అతని వెనక భార్య, ఆమె వెనక అత్తగారు. అతను కిటికీ దగ్గర నిలబడితే ఇద్దరూ ఏదో పనున్నట్టు ఆ గదిలోకి వచ్చేవాళ్ళు. అత్తగారు తన తమ్ముడికి ఫోను చేసింది. ఆనాడు బావగారిని కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. ఏ పనైనా ఇట్టే చక్కబెట్టేస్తానని చెప్పుకునే రకం. ఎత్తు గోడల ఆసుపత్రి ఇప్పుడు లేదని, పెద్దాసుపత్రిలోనే దానికో విభాగం పెట్టారని, తెలిసినవాళ్ళ చేత మంచం కూడా చెప్పించానని ఆయన చెప్పాడు. ఆదివారం దాటగానే తీసుకెళ్దాం, భార్య సంతకం ఉంటే చాలు అన్నాడు.

సంతకం అనేసరికి కోడలు వెనక్కి తగ్గింది. మావగారు వెళ్ళి రాలేదు. ఈయన వెళ్తే వస్తాడని నమ్మకమేంటి? పెడితే తన చేత్తో తనే పంపినట్టు. పెట్టకపోతే, రేపు పళ్ళ మధ్య కప్పు పగిలి గొంతులో దిగితే అప్పుడెవరు దిక్కు? దేనికీ మొగ్గలేక, వెళ్ళే ముందురోజు సాయంత్రం ఆమె భర్తని డాబా మీదికి తీసుకెళ్ళింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, మీకేమవుతోందో నాకు చెప్పండి, ఎంత పెద్ద విషయమైనా సరే అంది.

అతను చాలాసేపు ఆమె పెదాల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు కూడా ఆమెకి తేడాగానే అనిపించింది.

"నాన్నకొచ్చిందే నాకూ వచ్చింది," అన్నాడు చివరికి, ఆ గాలికి సగం కొట్టుకుపోయే గొంతుతో. "బయటి మాట లోపలికి రావట్లేదు. ఆలోచన ఎక్కువైతే అలాగే అవుతుందని అమ్మ చిన్నప్పట్నుంచీ చెప్తూనే ఉంది. చెవులకేమీ కాలేదు, కర్మాగారంలో మట్టి రుబ్బే మిల్లు తిరిగే చోట నిలబడితే అందరి మాటా వినిపిస్తోంది. అంటే లోపమంతా బుర్రలోనే కదా. అందుకే ఆలోచించడం మానేద్దామని చూస్తున్నా. ఏది గుర్తొచ్చినా తోసేస్తున్నా. నువ్వు గుర్తొచ్చినా తోసేస్తున్నా. అయినా తగ్గట్లేదు."

కప్పుల సంగతేమిటని ఆమె అడిగింది. కొరికితేనే అవి లోపల మోగుతున్నాయని అతను చెప్పాడు. నాన్న అలా చెయ్యడం చిన్నప్పుడు తలుపు వెనకనుంచి చూశాననీ, ఉద్యోగం పోతుందన్న భయంతో కర్మాగారం నుంచి ఒక కప్పు తెచ్చుకుని తనూ చేసి చూశాననీ, నిజంగానే తల లోపల మోగిందనీ, ఆ రోజే తనకి ఖాయమైపోయిందనీ అన్నాడు. చెబుతూ ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. కప్పులు బుర్రలో మోగుతున్నాయన్న మనిషిని ఇంకా దాచి ఉంచడం పాపమనిపించింది. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం, సంతకం పెట్టాల్సొస్తే పెడతానని చెప్పింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని, పెట్టు, కానీ వారం వారం వచ్చి కనబడు అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రపిల్ల. ఈ పిల్లకేం తెలుస్తుందిలే అన్నట్టు మేనమామ తనే కేసంతా వివరించాడు. వంశంలోనే ఉందండీ, మా బావదీ ఇదే కథ, ఆలోచన జబ్బు అన్నాడు. అలాంటి జబ్బు పేరు తను చదవలేదని ఆ అమ్మాయి అంది. అత్తగారికి ఆ మాటతోనే ఆ పిల్ల మీద గురి పోయింది. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంటూ, తలెత్తకుండానే అతన్ని ప్రశ్నలడిగింది. అతను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. మేనమామ కోడలి వైపు తిరిగి, చూశావుగా అన్నట్టు కళ్ళెగరేశాడు.

డాక్టరు లేచి అతని వెనకనున్న కిటికీ మూయడానికి వెళ్ళింది. అక్కడ నిలబడి, మీ పేరేమిటండీ అని అడిగింది. జవాబు లేదు. కాస్త పెద్దగా అడిగింది. అతను అలాగే ఉన్నాడు. ఆమె తిరిగొచ్చి, కుర్చీ లాక్కుని అతని మోకాళ్ళకి ఎదురుగా కూర్చుని, అదే మాట నిదానంగా అడిగింది. పేరూ, ఊరూ, ఉద్యోగం, కప్పులెలా తడతారో, అన్నీ గడగడా చెప్పాడు.

"ఈయన చెవులు ఎవరైనా చూశారా?" అంది డాక్టరు.

మేనమామకి నవ్వొచ్చింది. వాణ్ణి కర్మాగారమంతా చెవిమేస్త్రి అంటుందమ్మా అన్నాడు. అత్తగారు కోడలి చెవిలో, ఈ పిల్ల తప్పించుకుంటోంది, పెద్ద డాక్టరు దగ్గరికి పోదాం పద అంది. కోడలికి కూడా అలాగే అనిపించింది. బస్సు సంగతి చెప్పింది, రొదలో బాగా వినిపిస్తుందనీ, నిశ్శబ్దంలోనే వినిపించదనీ. చెబుతుంటే డాక్టరు మొహం విప్పారడం చూసి ఆమెకి అనుమానం వేసింది, ఇందులో సంతోషించడానికేముందని. ఆ అమ్మాయి వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని కింద అంతస్తులో చెవుల డాక్టరు గదికి తీసుకెళ్ళింది.

ఆయన పెద్దవాడు. రెండు కాళ్ళున్న ఇనప పనిముట్టొకటి తీసి, మోకాలికేసి కొట్టి, జుమ్మని మోగుతున్న దాన్ని అతని చెవి దగ్గర పెట్టాడు. అతను తల అడ్డంగా ఊపాడు. డాక్టరు దాని కాడని చెవి వెనక ఎముకకి ఆనించాడు. అతని కళ్ళు పెద్దవయ్యాయి. ఎవరూ చెప్పకుండానే ఆ పనిముట్టు అందుకుని, తనే మోకాలికేసి కొట్టుకుని, కాడని ముందు పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. వంటింట్లో ఆమె చూసిన ఆ సుఖమే మళ్ళీ ఆ మొహంలో కనబడింది.

డాక్టరు ఏమీ ఆశ్చర్యపోలేదు. చెవి లోపల ఒక చిన్న ఎముక బిగుసుకుపోయిందన్నాడు. గాలిలోంచి వచ్చే శబ్దం ఆగిపోతుంది, పుర్రె ఎముక ద్వారా వచ్చేది మాత్రం లోపలికి చేరుతుంది. తమ గొంతు తమకి గట్టిగా వినిపిస్తుంది కాబట్టి ఇలాంటివాళ్ళు మెల్లగా మాట్లాడతారు. రొదలో మనం గొంతు పెంచుతాం, ఆ రొద వాళ్ళకి అంతగా అడ్డం రాదు, అందుకని బస్సులో బాగా వింటారు. ఆపరేషన్ చేస్తే చాలామందికి వినికిడి తిరిగొస్తుంది, బుర్ర మాత్రం నిక్షేపంలా ఉంది అన్నాడు. కోడలు అక్కడే కుర్చీలో కూలబడి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఈ మనిషిని తన చేత్తో పంపడానికి వచ్చిందే అని పదే పదే తలుచుకుంది.

అత్తగారు మాత్రం గోడకి ఆనుకుని నిలబడే ఉంది. "ఇది తండ్రి నుంచి కొడుక్కి వస్తుందా బాబూ?" అని అడిగింది. చాలా ఇళ్ళల్లో వస్తుందన్నాడు డాక్టరు. ఆవిడ ఇంకేదో అడగబోయి ఆగి, ఇదున్నవాళ్ళు కప్పులు కొరుకుతారా అంది. తెలివైనవాళ్ళయితే కొరుకుతారమ్మా అని ఆయన నవ్వాడు.

బయట వరండాలో మేనమామ తేలికపడిపోయి మేనల్లుడి భుజం మీద చెయ్యేసి నడిపిస్తూ, తను ముందునుంచీ అనుకుంటూనే ఉన్నానని చెప్పుకుపోతున్నాడు. అదంతా మేనల్లుడికి వినబడుతోందో లేదో ఆయనకి పట్టలేదు. వెనక అత్తగారి అడుగు ఆగిపోయింది. కోడలు తిరిగి చూసి దగ్గరికొచ్చింది.

"ఆ రోజు కారెక్కిస్తుంటే నేను ఏడుస్తూ అడిగాను," అంది అత్తగారు. "ఎక్కడికి తీసుకెళ్తున్నారో తెలుసా మీకు అని. వెనకనుంచి అడిగాను. ఆయన తిరిగి నా మొహం చూసి నవ్వి తలూపాడు. చూడండి, ఇప్పుడు కూడా నవ్వుతున్నాడు, పిచ్చి ముదిరిపోయింది అని వాళ్ళతో నేనే అన్నాను. నేనేదో మంచి మాటే చెప్పాననుకున్నాడేమో. జాగ్రత్తగా వెళ్ళి రండి అన్నాననుకున్నాడేమో."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఈలోగా కొడుకు వీళ్ళు రాలేదని గమనించి వెనక్కి వచ్చాడు. తల్లి మొహం చూసి, ఏమైందమ్మా అని అడిగాడు.

"మీ నాన్నకి పిచ్చి లేదురా," అంది ఆవిడ. ఆయన మాటెత్తితే గొంతు తగ్గించడం ఇన్నేళ్ళ అలవాటు, ఇప్పుడూ గుసగుసగానే వచ్చింది. అతనికి వినిపించలేదు. ఏంటమ్మా అని వంగాడు. ఆవిడ మళ్ళీ అంది. మళ్ళీ వినిపించలేదు. అతను ఎప్పటిలాగే, అర్థమైనట్టు నవ్వి తలూపాడు.

ఆ నవ్వు చూసి ఆవిడ వణికిపోయింది. నేను చెబుతానత్తయ్యా అని కోడలు ముందుకొస్తే చెయ్యి అడ్డం పెట్టింది. రెండు చేతులతో కొడుకు మొహం పట్టుకుని తన వైపు తిప్పుకుని, వరండాలో బెంచీల మీదున్న వాళ్ళంతా తలలు తిప్పి చూసేలా, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"మీ నాన్నకి పిచ్చి లేదురా. వినబడలేదంతే. నేనే పంపేశాను."

ఈసారి అతనికి వినబడింది.